రెడ్ టెయిల్స్ పైలట్లు: అపోహలు - వాస్తవాలు, ఒక ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ వైపు నుంచి

నేను అమెరికాలో ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నా. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో మన తెలుగు పిల్లలు కూడా ఉంటారు, మబ్బు పట్టి ఫ్లైట్ క్యాన్సిల్ అయిన రోజు అందరం కూర్చుంటే మాట ఎటు తిరిగినా చివరికి విమానాల సినిమాల దగ్గరికే వస్తుంది. మొన్న ఒకబ్బాయి రెడ్ టెయిల్స్ చూసొచ్చాడు. 2012 సినిమా అది, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్లకి కాపలాగా ఎగిరిన నల్లజాతి ఫైటర్ పైలట్ల కథ, వాళ్ల విమానాల తోకలకి ఎర్ర రంగు ఉండేది కాబట్టి ఆ పేరు. స్టార్ వార్స్ తీసిన జార్జ్ లూకాస్ సొంత డబ్బు పెట్టి తీశాడు, ముఖ్యపాత్రలన్నీ నల్లజాతి వాళ్లవే అని పెద్ద స్టూడియోలు ముందుకు రాలేదని ఆయనే చెప్పాడు. ఆ అబ్బాయి రాగానే అన్న మాట, "సార్, వీళ్లు ఒక్క బాంబర్‌ని కూడా పోగొట్టుకోలేదంట కదా". ఆ రోజు మొదలైన మాటలే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: వాళ్లు కాపలా ఉండగా ఒక్క బాంబర్ కూడా కూలలేదు.

ఇది నేనూ చాలా ఏళ్లు నమ్మా, పిల్లలకి చెప్పా కూడా. 1945 మార్చిలో షికాగో డిఫెండర్ అనే నల్లజాతి పత్రిక 200 మిషన్లు ఒక్క బాంబర్ పోకుండా పూర్తిచేశారని రాసింది, అక్కడి నుంచి ఆ మాట స్థిరపడిపోయింది. తర్వాత ఎయిర్ ఫోర్స్ చరిత్రకారులు మిషన్ రిపోర్టులు, కనపడకుండా పోయిన బాంబర్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే, వీళ్ల దళం, అంటే 332వ ఫైటర్ గ్రూప్, కాపలాలో ఉన్నప్పుడు శత్రు విమానాల చేతిలో 27 బాంబర్లు పోయాయని తేలింది. వీళ్లున్న 15వ ఎయిర్ ఫోర్స్‌లోనే మిగతా ఎస్కార్ట్ (కాపలా) గ్రూపుల సగటు 46.

ఎస్కార్ట్ అంటే పక్కపక్కన ఎగరడమే కదా అనుకుంటారు, కానీ వీళ్లు నడిపిన పి-51 ఫైటర్ స్పీడ్‌కి బి-17, బి-24 బాంబర్లు బాగా నెమ్మది, తిన్నగా పోతే మనం ముందుకెళ్లిపోతాం, అందుకని వాటి పైన అటూ ఇటూ వంపులు తిరుగుతూ పోవాలి, అలా తిరిగినంతసేపూ ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది, మొహానికి ఆక్సిజన్ మాస్క్, పైన చలి, గంటలకొద్దీ అలా కూర్చుని ఆకాశమంతా వెతుకుతూ ఉండాలి. ఇంతలో ఒక జర్మన్ ఫైటర్ వచ్చి కాల్చి కిందకి డైవ్ చేస్తుంది. దాని వెంటపడితే కూల్చిన విమానాల లెక్క పెరుగుతుంది, పేరొస్తుంది, కానీ ఆ కాసేపట్లో బాంబర్లకి దిక్కుండదు. బాంబర్లని వదిలిపెట్టొద్దు అన్నది ఆ గ్రూప్ కమాండర్ బెంజమిన్ ఓ. డేవిస్ జూనియర్ పెట్టిన కట్టుబాటు. పేరు తెచ్చుకునే వయసులో ఉన్న కుర్రాళ్ల చేత ఆ మాట నిలబెట్టించడం ఎంత కష్టమో నాకు తెలుసు, ల్యాండింగ్ సరిగ్గా కుదరకపోతే గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు, చెయ్యమంటేనే మొహం మాడ్చుకునే పిల్లల్ని రోజూ చూస్తుంటా.

27 అని చెప్తే వాళ్లని తక్కువ చేసినట్టని కొందరు బాధపడతారు. నాకలా అనిపించదు. తెల్లవాళ్ల గ్రూపుల్ని ఎవరూ సున్నా చూపించమని అడగలేదు, వీళ్లని మాత్రం సున్నా అయితేనే మెచ్చుకుంటాం అంటే ఆ రోజుల్లో వాళ్ల నెత్తిన పెట్టిన బరువే మళ్లీ పెట్టినట్టు.

అపోహ: నల్లజాతి వాళ్లని ప్రోత్సహించడానికి ట్రైనింగ్ సులువు చేశారు.

ఇది వింటే నాకు నిజంగా కోపమొస్తుంది. 1925లో ఆర్మీ వార్ కాలేజ్ ఒక రిపోర్ట్ రాసింది, నల్లజాతి వాళ్లకి యుద్ధంలో తెగువా తెలివీ తక్కువని. ఆ నమ్మకంతో ఉన్న వ్యవస్థ వీళ్లకి సులువు చేస్తుందా? అలబామాలోని టస్కీగీలో 1941 జులైలో మొదటి బ్యాచ్‌లో చేరింది 13 మంది, 1942 మార్చిలో వింగ్స్, అంటే పైలట్ బ్యాడ్జ్, అందుకుంది ఐదుగురు. ఆ ఐదుగురిలో ఒకరు డేవిస్. అంతకుముందు వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో నాలుగేళ్లపాటు తోటి క్యాడెట్లు డ్యూటీకి తప్ప ఆయనతో మాట్లాడలేదు, పక్కన కూర్చుని తినలేదు, రూమ్‌మేట్ లేడు. అయినా 1936లో 276 మందిలో 35వ ర్యాంకుతో బయటికొచ్చాడు.

మొదటి దశ ట్రైనింగ్ టస్కీగీలోని మోటన్ ఫీల్డ్ అనే చిన్న ఎయిర్‌పోర్టులో, స్టియర్‌మన్ అనే రెండు రెక్కల వరసల విమానం మీద. ఒకసారి నేను అక్కడికి వెళ్లా, పాత హ్యాంగర్లు బాగుచేసి మ్యూజియంగా పెట్టారు, ఇప్పటికీ చిన్న విమానాలు దిగుతాయి. స్టియర్‌మన్‌కి మూడో చక్రం తోక కింద ఉంటుంది, నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి లేచి ముందున్నది కనపడదు, దిగేటప్పుడు పెడల్ మీద కాలు కాస్త ఆలస్యమైతే గిర్రున తిరిగిపోతుంది. దానికి రంగుతో పనిలేదు, ఎవరికైనా అదే శిక్ష.

యుద్ధంలోకి వెళ్లాక కూడా, వీళ్లలో మొదటి దళమైన 99వ స్క్వాడ్రన్‌కి దూకుడు లేదని, ఫ్రంట్ నుంచి తీసెయ్యాలని 1943లో పైఅధికారులు రిపోర్ట్ రాశారు. డేవిస్ వాషింగ్టన్ వెళ్లి జవాబు చెప్పుకోవాల్సొచ్చింది. 1944 జనవరి 27, 28 తేదీల్లో ఇటలీలో అంజియో మీద అదే స్క్వాడ్రన్ రెండు రోజుల్లో పదికి పైగా జర్మన్ విమానాల్ని కూల్చింది.

అపోహ: అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినోర్ రూజ్వెల్ట్ విమానం ఎక్కింది కాబట్టే ఈ ప్రోగ్రాం వచ్చింది.

ఆవిడ టస్కీగీలో నల్లజాతి ఇన్‌స్ట్రక్టర్ "చీఫ్" ఆండర్సన్ నడుపుతుంటే వెనక కూర్చుని ఎగిరిన మాట నిజం, ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ మనసు నిండుతుంది. కానీ అది 1941 మార్చి 29. నల్లజాతి స్క్వాడ్రన్ పెడతామని జనవరిలోనే ప్రకటించారు. ఆవిడ మేలు చెయ్యలేదని కాదు, మోటన్ ఫీల్డ్ కట్టడానికి రోజెన్వాల్డ్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ నుంచి 1,75,000 డాలర్ల అప్పు వచ్చింది, ఆవిడ ఆ సంస్థ బోర్డులో ఉంది. అయితే అసలు తలుపు తెరిపించింది ఏళ్ల తరబడి పోరాడిన నల్లజాతి పత్రికలు, సంఘాలు.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తా. ఎర్ర తోకలు వాళ్ల సొంత ఆలోచన కాదు, 15వ ఎయిర్ ఫోర్స్‌లో ఏ గ్రూపో గుర్తుపట్టడానికి ఒక్కోదానికి ఒక్కో గుర్తు, 325వ గ్రూపుకైతే గళ్లు. సినిమాలో యుద్ధనౌక మునిగిపోతుంది, కానీ 1944 జూన్ 25న నిజంగా కాల్చిన జర్మన్ నౌక బాగా దెబ్బతింది, మునగలేదు. జెట్‌లని మొదట కూల్చింది వీళ్లే అనేదీ తప్పు, 1945 మార్చి 24న బెర్లిన్ మిషన్‌లో మూడు జెట్లని కూల్చింది నిజం, అప్పటికే వేరేవాళ్లు కూల్చి ఉన్నారు.

అపోహ: టస్కీగీ సిఫిలిస్ స్టడీలో ఉన్నది ఈ పైలట్లే.

కాదు. ఊరు ఒకటే, రెండూ వేరు. 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ వైద్య పరిశోధన పేరుతో సిఫిలిస్ జబ్బుకి చికిత్స ఇవ్వకుండా మోసం చేసింది ఆ చుట్టుపక్కల పల్లెల్లోని పేద కూలీరైతుల్ని. రెండూ కలిపేస్తే ఆ కుటుంబాల గోడు వేరేవాళ్ల ఖాతాలోకి వెళ్లిపోతుంది, అందుకే దీన్ని మాత్రం ఎవరన్నా సరే వెంటనే సరిచేస్తా.

అపోహ: గెలిచొచ్చాక వివక్ష పోయింది.

ఈ పైలట్లలో ఒకడైన అలెగ్జాండర్ జెఫర్సన్ ఫ్రాన్స్ మీద కూలిపోయి జర్మన్ల చేతిలో ఖైదీగా ఉండి 1945లో ఇంటికొచ్చాడు. ఓడ దిగుతుంటే తెల్లవాళ్లు ఒకవైపు, నల్లవాళ్లు ఒకవైపు వెళ్లమన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డ్ ఎయిర్ బేస్‌లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ వేరు వేరు ఆఫీసర్ క్లబ్బుల నిబంధన మీద సంతకం పెట్టం అన్నందుకు 101 మంది నల్లజాతి ఆఫీసర్లని అరెస్ట్ చేశారు. సైన్యంలో వేరు చెయ్యడం ఆపమని అధ్యక్షుడు ట్రూమన్ ఆర్డర్ ఇచ్చింది 1948లో.

1949లో లాస్ వేగస్‌లో ఎయిర్ ఫోర్స్ విమానాల నుంచి గురిచూసి కాల్చే పోటీ పెడితే ప్రొపెల్లర్ విమానాల విభాగంలో గెలిచింది 332వ గ్రూపే. ఆ టీంలో ఉన్న హ్యారీ స్టీవర్ట్ 1945 ఏప్రిల్ 1న ఒక్క రోజులో మూడు జర్మన్ విమానాల్ని కూల్చినవాడు. ఉద్యోగం కోసం ఎయిర్‌లైన్స్‌కి అప్లై చేస్తే పైలట్‌గా తీసుకోలేదు, చదువుకుని ఇంజినీర్ అయ్యాడు. మా దగ్గర గంటలు పూర్తిచేసి ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూకి బయల్దేరే ప్రతి పిల్లాడికీ, పిల్లకీ లాగ్‌బుక్ మీద సంతకం పెట్టేటప్పుడు ఆయన పేరు చెప్పి మరీ పంపిస్తా.