డాబా మీద పర్ణశాల: ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

పోయిన అక్టోబర్‌లో మల్కాజ్‌గిరిలో మా చుట్టాలింటి డాబా మీద కొబ్బరి మట్టలతో పందిరేసి సీరియల్ లైట్లు కట్టారు, పెళ్ళి చూపులేమో అనుకున్నా, కాదంట, పర్ణశాలల పండగంట, అంటే యూదులు పందిళ్ళలో గడిపే పండగ. పాస్టర్ గారు షోఫార్ (యూదులు ఊదే పొట్టేలు కొమ్ము బూర) ఊదబోతే మూడుసార్లు గాలే వచ్చింది, నాలుగోసారి పలికింది. ఆ వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లో పడగానే మా పెద్దనాన్న "గలతీ పత్రిక చదవండ్రా" అని మెసేజ్ (యూదుల ఆచారాలు మిగతావాళ్ళ మీద రుద్దొద్దని పౌలు రాసిన ఉత్తరం అది), వెంటనే మా బావ "మత్తయి 5:17 కూడా చదవండి మామయ్యా, మోషే ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదన్నాడు ప్రభువు" అని రిప్లై.

యూదుల పండగలు క్రైస్తవులు చేయొచ్చా అన్న ఈ గొడవలో ఇద్దరి దగ్గరా వచనాలున్నాయి. అసలు మొదట్లో ప్రశ్నే వేరు. యేసు యూదుడు, శిష్యులు యూదులు, పస్కా (ఐగుప్తు నుంచి విడుదలైన పండగ) అయినా శనివారం విశ్రాంతి దినమైనా వాళ్ళకి ఇంట్లో సంగతే. అన్యజనులు (యూదులు కానివాళ్ళు) నమ్ముకోవడం మొదలయ్యాక వీళ్ళకీ సున్నతి చేయించాలా అని పేచీ వచ్చింది. క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు కూర్చుని (అపొ. కార్యములు 15) అక్కర్లేదని తేల్చి నాలుగు మాత్రం మానమన్నారు: విగ్రహాలకి అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం.

ఈ లిస్టు మన ఊళ్ళో ఇంకా నడుస్తోంది. మా అమ్మ మటన్ షాపులో తలకాయ, బోటీ తెస్తుంది గానీ నల్ల (గడ్డకట్టిన రక్తం) మాత్రం గడప దాటనివ్వదు. వినాయక చవితికి పక్కింటి ఆంటీ ఉండ్రాళ్ళు పంపిస్తే వద్దనలేక తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టేది, మేం స్కూల్ నుంచి రాగానే ఖాళీ చేసేవాళ్ళం అనుకోండి.

తీర్పు వచ్చినా గొడవ ఆగలేదు. గలతీలో పౌలు "దినములు, మాసములు" ఆచరిస్తున్నారని బాధపడ్డాడు, రోమా 14లో మాత్రం ఎవరి మనసులో వాళ్ళు రూఢి చేసుకోండి అన్నాడు. 70లో రోమన్లు దేవాలయం కూల్చేశాక బలులు ఆగిపోయాయి, అంటే ధర్మశాస్త్రంలో రాసినట్టు పస్కా చేయడం యూదులకే కుదరదు, ఇక మల్కాజ్‌గిరి డాబా సంగతి సరేసరి.

తర్వాత ఇందులోకి రాజకీయం కూడా చేరింది. ఆసియా మైనర్ సంఘాలు యూదుల నెల నీసాను 14నే పస్కా చేసేవి, రోమ్‌లో ఆదివారమే, 190 ప్రాంతంలో ఆ సంఘాలని వెలివేసేదాకా పోయాడు రోమ్ బిషప్ విక్టర్. 325లో నైసియాలో బిషప్పుల సభ అందరికీ ఒకే తేదీ అంది, దాని మీద కాన్‌స్టంటైన్ చక్రవర్తి రాసిన ఉత్తరంలో యూదులతో మనకేం సంబంధం అనే కోపం బాగా కనిపిస్తుంది. 386లో అంతియొకయలో జాన్ క్రిసోస్తం అనే పాదిరి, తన సంఘంవాళ్ళే యూదుల పండగలకి, బూరలు వినడానికి పోతున్నారని మండిపడుతూ చేసిన ప్రసంగాలు చదివితే నాకైతే ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత యూద ద్వేషానికి వాటిని బాగానే వాడుకున్నారు. అంటే సామాన్య విశ్వాసులు అప్పటికీ పోతూనే ఉన్నారన్నమాట. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘమైతే శనివారం, సున్నతి, పంది మాంసం తినకపోవడం ఈనాటికీ వదల్లేదు.

మన దగ్గరికొస్తే, 1863లో అమెరికాలో సంస్థగా ఏర్పడిన సెవెంత్ డే అడ్వెంటిస్టులు శనివారం ఆరాధన తెచ్చారు, పండగలు కాదు. హైదరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర 1950లో సువార్తికుడు బక్త్ సింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సంఘంలో జరిగే హోలీ కాన్వొకేషన్లకి (పెద్ద కూడికలకి) ఆధారం లేవీయకాండం 23, అంటే ఈ పండగల అధ్యాయమే, అయినా వాళ్ళని యూదాచారం అని ఎవరూ అనలేదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు ఇంకో అడుగు వేసి, మేం ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతానం, యూదులమే అని సినగాగు (యూదుల ప్రార్థన మందిరం) కట్టుకున్నాయి. షోఫార్, పందిరి ఊపు మాత్రం ఈ మధ్యది, యూట్యూబూ యెరూషలేము టూర్లూ వచ్చాక పెరిగింది.

పౌలు కొట్లాడింది బలవంతం మీద. డాబా మీద ఎవర్నీ ఎవరూ బలవంతపెట్టలేదు, వచ్చే ఏడు మానేస్తే రక్షణ పోతుందని పాస్టర్ గారు అననంతవరకు నాకేం పేచీ లేదు. దశమభాగం (ఆదాయంలో పదో వంతు ఇవ్వడం) కూడా ధర్మశాస్త్రంలోదే, దాని దగ్గర మాత్రం గలతీ పత్రిక ఎవరికీ గుర్తురాదు.

ఇంతకీ గ్రూప్‌లో అంత గట్టిగా మాట్లాడిన మా పెద్దనాన్న నెల తిరక్కుండానే వాళ్ళ చర్చిలో కోత పండగ వేలంపాటలో పన్నెండు వందలు పెట్టి నాటుకోడి పాడుకున్నాడు. బావ ఒక్కటే మెసేజ్ పెట్టాడు, "నిర్గమ 23:16", అంటే ధర్మశాస్త్రంలో కోత పండగ చేయమన్న వచనం.