100 గజాల్లో ఒకే రంధ్రం: లాంగ్ రేంజ్ లోడ్ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒహాయో నుంచి రైఫిల్ పోటీలకు వెళ్లే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. తూటాలు తనే తయారుచేసుకుంటాడు; పౌడర్, బుల్లెట్ కలిపి చేసుకునే ఆ కూర్పునే మేం లోడ్ అంటాం. "అన్నా, 100 గజాల్లో అయిదు బుల్లెట్లూ ఒకే రంధ్రంలోంచి పోతున్నాయి. అదే లోడ్ 1000 గజాల మ్యాచ్‌కి తీసుకెళ్తే నిలువునా తొమ్మిది అంగుళాలు వచ్చింది. బ్యారెల్ పోయిందంటారా?" ఏడుపొక్కటే తక్కువ. అప్పటికే కొత్త బ్యారెల్ ఆర్డర్ చేసేశాడు. ట్యూనింగ్‌కే (లోడ్‌ని రైఫిల్‌కి కుదుర్చుకోవడానికే) మూడు వందల ప్రైమర్లు, అంటే పౌడర్‌ని వెలిగించే చిన్న మూతలు, అయిపోయాయట. ఈ ప్రశ్న నాకు ఏటా నాలుగైదుసార్లు వస్తుంది కాబట్టి ఒకసారి వివరంగా రాసి పెడుతున్నాను.

అపోహ: 100 గజాల్లో గ్రూపు (ఒకే గురి మీద పడిన రంధ్రాల గుంపు) ఎంత చిన్నదైతే 1000 గజాల్లో అంత మంచిది.

ఎక్కువమంది డబ్బు, బ్యారెల్, సీజన్ మూడూ పోగొట్టుకునేది దీనివల్లే. లెక్క చూడండి. 6 ఎంఎం డాషర్ అనే తూటాలో 105 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటాలకు వాడే తూకం కొలత) బుల్లెట్ సెకనుకు 2950 అడుగుల వేగంతో బయల్దేరిందనుకుందాం. ఇంకో బుల్లెట్ అంతకంటే 10 అడుగులు తక్కువ వేగంతో వెళ్తే, 100 గజాల దగ్గర అది ఎంత కింద తగులుతుంది? అంగుళంలో వందో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. కాగితం మీద అది కొలతకు కూడా అందదు. అదే తేడా 1000 గజాల దగ్గరికి వెళ్లేసరికి రెండు అంగుళాలు దాటుతుంది. అందుకే 35, 40 అడుగుల ఈఎస్ (అన్నిటికంటే వేగమైన, నెమ్మదైన బుల్లెట్ల వేగాల మధ్య తేడా) ఉన్న లోడ్ కూడా 100 గజాల్లో ముచ్చటైన రంధ్రం వేస్తుంది. దూరం వెళ్లాక ఆ తమ్ముడికి వచ్చినట్టే ఎనిమిదో తొమ్మిదో అంగుళాలు సాగుతుంది. అతని బ్యారెల్‌కి ఏమీ కాలేదు.

అసలు సంగతి ఇంకా లోతుగా ఉంది. బుల్లెట్ బ్యారెల్‌లో ఉండేది మిల్లీసెకను పైచిలుకు మాత్రమే. ఆ కాస్త సమయంలోనూ మజిల్ (బ్యారెల్ మూతి) పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. మజిల్ పైకి లేస్తున్న క్షణంలో బుల్లెట్లు బయటపడేలా లోడ్ కుదిరిందనుకోండి. నెమ్మది బుల్లెట్ కాస్త ఆలస్యంగా, కాస్త ఎత్తు కోణంలో బయటికొస్తుంది. దారిలో అది ఎక్కువ కిందికి పడుతుంది కాబట్టి దూరాన రెండూ ఒకే ఎత్తులో కలుస్తాయి. దీన్నే పాజిటివ్ కాంపెన్సేషన్ అంటాం. కొత్త విషయం కాదిది. బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు దగ్గర్లో మామూలుగా కాల్చినా దూరాన బాగా కాల్చేవని, అందుకు ఇదే కారణమని పాత తరం షూటర్లకు బాగా తెలుసు.

ఇప్పుడు దీన్ని 100 గజాలకు తెచ్చి చూడండి. 1000 గజాల్లో రెండు బుల్లెట్లూ కలవాలంటే, 100 గజాల్లో నెమ్మది బుల్లెట్ వేగమైనదాని కంటే పైన తగలాలి. ప్రతి 10 అడుగుల తేడాకీ సుమారు అంగుళంలో అయిదో వంతు పైన. అంటే 1000 గజాలకు బాగా కుదిరిన లోడ్ 100 గజాల్లో కాస్త నిలువుగా కనబడవచ్చు. వేగాలు వేరైనా అన్నీ ఒకే రంధ్రంలో పడుతున్నాయంటే ఆ లోడ్ 100 గజాలకే కుదిరిందన్నమాట. దాన్ని చూసి మురిసిపోయి చాలామంది మంచి లోడ్‌ని పక్కన పడేస్తున్నారు.

నేనూ అలా మురిసిపోయినవాణ్నే. పెన్సిల్వేనియాలో విలియమ్స్‌పోర్ట్ దగ్గర కొండల మధ్య, 1967లో మొదలైన 1000 గజాల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ని బెంచీ మీద ఆనించి కాల్చే పోటీ) క్లబ్బు ఉంది. అక్కడికి మొదటిసారి వెళ్లినప్పుడు 100 గజాల టార్గెట్ ఒకటి మడిచి పర్సులో పెట్టుకుని వెళ్లాను. రిలే (నా వంతు కాల్పులు) అయ్యాక నా టార్గెట్ కాగితం చేతికిచ్చారు. అయిదు రంధ్రాలూ దారానికి గుచ్చినట్టు నిలువుగా ఉన్నాయి. పక్క బెంచీ ఆయనకి మా నాన్న వయసుంటుంది. కాగితం కాసేపు చూసి, "దగ్గర్లో కాల్చినప్పుడు నీ నెమ్మది బుల్లెట్లు ఎక్కడ పడుతున్నాయి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా ఎప్పుడూ ఏ రంధ్రం ఏ వేగానిదో రాసుకోలేదు. మరుసటి వారం ఆయనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. ఇప్పటికీ నేను చేసేది అదే పద్ధతి.

గాలి లేని ఉదయం చూసుకోండి. మీకు నచ్చిన ఛార్జ్‌తో (పౌడర్ తూకంతో) కొన్ని, దానికి 0.2 గ్రెయిన్ తక్కువతో కొన్ని లోడ్ చేయండి. 0.2 ఎక్కువతో కూడా చేయవచ్చు కానీ, అది లోడింగ్ మాన్యువల్‌లో ఉన్న గరిష్ఠానికి లోపలే ఉండాలి, ప్రెజర్ మితిమీరిందని చెప్పే గుర్తులేవీ కనబడకూడదు. ఈ విషయంలో ఎవరు చెప్పినా రాజీపడవద్దు. అన్నీ ఒకే గురి మీద కాల్చి, ప్రతి రంధ్రం పక్కనా దాని వేగం రాయండి. డాషర్ లాంటి కేస్‌లో 0.2 గ్రెయిన్‌కి వేగం 15 నుంచి 20 అడుగులు మారుతుంది. అంటే తక్కువ ఛార్జ్ గుంపు దాదాపు అంగుళంలో మూడో వంతు పైన ఉండాలి. రెండూ ఒకేచోట ఉన్నా, తక్కువది కిందున్నా, సీటింగ్ డెప్త్ (కేస్‌లో బుల్లెట్ ఎంత లోతుకు కూర్చుందన్నది) గానీ ట్యూనర్ (బ్యారెల్ కొసన బిగించే, ఊపుని సర్దే బరువు) గానీ కాస్త మార్చి మళ్లీ చూడండి. ఇరవై, ముప్ఫై రౌండ్లలో తేలిపోతుంది.

అపోహ: 100 గజాల్లో ట్యూనింగ్ దండగ, అంతా 1000లోనే చేయాలి.

ఇది రెండో కొసకి పోయినవాళ్లు చెప్పే మాట. 1000 గజాల్లో గంటకు ఒక్క మైలు అడ్డగాలి ఈ బుల్లెట్‌ని ఏడెనిమిది అంగుళాలు పక్కకి తోస్తుంది. ఎండలో మిరాజ్ (వేడి గాలికి గురి కదులుతున్నట్టు కనబడడం) సరేసరి. లోడ్ తప్పో గాలి తప్పో అక్కడ తేల్చుకోవడం కష్టం. పైగా ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లలో ఇంటి దగ్గర 1000 గజాల రేంజ్ ఎంతమందికి ఉంటుంది? దానికోసం దిగులుపడకండి. చాలా పని 100లోనే అవుతుంది. బుల్లెట్‌కీ బుల్లెట్‌కీ బీసీలో (గాలిని చీల్చుకుని వేగం నిలుపుకునే శక్తిని చెప్పే అంకెలో) ఉండే తేడా మాత్రం దగ్గర్లో కనబడదు. దానికోసం ఒక్కసారైనా దూరం వెళ్లాలి. వెళ్లినప్పుడు నిలువు మాత్రమే కొలవండి, అడ్డం గాలికి వదిలేయండి.

అపోహ: మూడు బుల్లెట్ల గ్రూపు చాలు. చాలదు. ఒకే రోజు, ఒకే లోడ్‌తో నేను మూడేసి చొప్పున పది గ్రూపులు కాల్చాను. చిన్నది 0.15 అంగుళాలు, పెద్దది 0.42. ఆ చిన్నదాని ఫొటో ఒక్కటే పెడితే నేనే మంచి లోడ్ కనిపెట్టినట్టు ఉంటుంది. ఇంటర్నెట్‌లో చూసే ఫొటోల్లో సగం ఇలాంటివే.

అపోహ: దూరం వెళ్లాక బుల్లెట్ "నిద్రపోయి" (ఊగడం మాని స్థిరపడి) గ్రూపు తనంతట తానే దగ్గరవుతుంది. పక్కకి వెళ్తున్న బుల్లెట్‌ని మళ్లీ మధ్యకి లాక్కొచ్చేది ఏదీ లేదు. నిలువులో దగ్గరైతే అది పైన చెప్పిన కాంపెన్సేషన్ పని. స్కోప్ పారలాక్స్ (కన్ను కదిలితే గురి జరిగినట్టు కనబడకుండా చేసే సర్దుబాటు) దగ్గర్లో సరిగ్గా పెట్టకపోయినా ఇలాగే అనిపిస్తుంది.

అపోహ: ఈఎస్ తక్కువుంటే చాలు. అయిదు షాట్ల ఈఎస్‌ని నమ్మి పౌడర్ మార్చేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది. అదే లోడ్ ఇంకో అయిదు కాల్చండి, అంకె మారిపోతుంది.

హైదరాబాద్‌లో 50 మీటర్ల ప్రోన్ (పడుకుని కాల్చే పోటీ) ఆడే పిల్లలు ఫ్యాక్టరీ తూటాలే వాడతారు కాబట్టి "మాకు లోడింగే లేదు కదా" అంటుంటారు. పాయింట్ 22లో కూడా 10 అడుగుల తేడా 50 మీటర్ల దగ్గర రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. మీ పది వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. మీరు చేసే లాట్ టెస్టింగ్‌లో (ఏ బ్యాచ్ తూటాలు మీ రైఫిల్‌కి నప్పుతాయో చూసే పరీక్షలో) కూడా వేగం రాసుకుని చూడండి.

ఒహాయో తమ్ముడి చేత బ్యారెల్ ఆర్డర్ రద్దు చేయించాను. 100 గజాల్లో మళ్లీ వేగాలు రాసుకుంటూ కాల్చాడు. నెమ్మదివి కిందే పడుతున్నాయి. సీటింగ్ అంగుళంలో వెయ్యో వంతులు మూడు మార్చాక పైకి వచ్చాయి, గ్రూపు మాత్రం కాస్త పెద్దదైంది. "ఇది చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది అన్నా" అన్నాడు. ఈ శనివారం అదే లోడ్‌తో 1000కి వెళ్తున్నాడు. కాగితం చేతికి రాగానే నిలువు కొలిచి ఫోన్ చేయమన్నాను.