ఆక్సైడ్ల గుట్టు తెలిసిన మనిషి

జాన్ గుడ్‌ఎనఫ్ పేరెత్తితే అందరూ ముందు ఆయన వయసు గురించే మాట్లాడతారు. 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చేనాటికి ఆయనకు 97 ఏళ్లు. అంత పెద్ద వయసులో నోబెల్ అందుకున్నవారు ఇంకెవరూ లేరు. లిథియం బ్యాటరీ దశ తిప్పిన పదార్థాన్ని కనిపెట్టింది కూడా 57 ఏళ్ల వయసులో. ఆలస్యంగా వికసించిన మేధావి అని కథ అల్లడానికి ఇంతకంటే ఏం కావాలి! నాకు మాత్రం ఈ కథ అసలు సంగతిని కప్పేస్తోందనిపిస్తుంది. బ్యాటరీల జోలికి రాకముందే ఆయన పాతికేళ్లపాటు ఆక్సైడ్లతో, అంటే లోహాలు ఆక్సిజన్‌తో కలిసిన పదార్థాలతో, కుస్తీ పట్టారు. ఆ పాతికేళ్ల పనే తర్వాత అక్కరకొచ్చింది.

1922లో జర్మనీలోని యేనాలో, అమెరికన్ దంపతులకు పుట్టారు. చిన్నతనంలో డిస్‌లెక్సియా వల్ల చదవడమే గండంగా ఉండేది. యేల్‌లో గణితం చదివి, రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికి వాతావరణ నిపుణుడిగా పనిచేశారు. యుద్ధం ముగిశాక షికాగోలో భౌతికశాస్త్రం చదవబోతే, ఈ రంగంలో గొప్ప పని చేసినవాళ్లంతా నీ వయసుకే చేసేశారని అక్కడి ఆచార్యుడొకరు నిరుత్సాహపరిచారట. 1952లో డాక్టరేట్ చేతికొచ్చింది.

అదే ఏడాది అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ వారి లింకన్ లేబొరేటరీలో చేరారు. అప్పట్లో కంప్యూటర్ మెమరీ అంటే సన్నని తీగలు దూర్చిన ఫెరైట్ ఉంగరాల వల. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్: అయస్కాంతత్వం ఒకవైపు తిరిగితే సున్నా, రెండోవైపు తిరిగితే ఒకటి. ఫెరైట్ అంటే ఇనుము, మరికొన్ని లోహాలు కలిసిన ఆక్సైడే. ఆ ఉంగరాలు తడబడకుండా దిశ మార్చుకోవాలంటే, లోహ పరమాణువులు మధ్యలో ఉన్న ఆక్సిజన్ ద్వారా ఒకదాన్నొకటి ఎలా ప్రభావితం చేస్తాయో తెలియాలి. ఆ లెక్కే తర్వాత గుడ్‌ఎనఫ్–కనమోరి నియమాలుగా పాఠ్యపుస్తకాలకెక్కింది. ఏ లోహంలో ఎలక్ట్రాన్ ఏ శక్తిస్థాయిలో ఉంటుందో ఆయనకు కొట్టినపిండి అయిపోయింది.

1976లో ఆక్స్‌ఫర్డ్‌లో అకర్బన రసాయన ప్రయోగశాలకు అధిపతిగా వెళ్లారు. అప్పటికే ఎక్సాన్ కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్ ఒక లిథియం బ్యాటరీ చేసి చూపించారు. కాథోడ్‌గా, అంటే ధన ధ్రువంగా, టైటానియం డైసల్ఫైడ్ అనే గంధకం కలిసిన పదార్థం; ఆనోడ్‌గా, అంటే రుణ ధ్రువంగా, లిథియం లోహం. వోల్టేజి రెండుకు కాస్త పైన. చిక్కేమిటంటే, లిథియం లోహం మంటలు పుట్టించేది.

గుడ్‌ఎనఫ్ ఆలోచన వోల్టేజి దగ్గర మొదలైంది. పై చెరువుకూ కింది చెరువుకూ మధ్య ఎత్తు పెరిగేకొద్దీ నీటి జోరు పెరుగుతుంది. బ్యాటరీలోనూ అంతే, ఆనోడ్ నుంచి కాథోడ్‌కు ఎలక్ట్రాన్ ఎంత కిందికి దిగితే అంత వోల్టేజి. సల్ఫైడ్‌లో గంధకపు ఎలక్ట్రాన్లుండే స్థాయి అడ్డుపడుతుంది, అంతకంటే కిందికి దిగడానికి వీల్లేదు. ఆక్సిజన్ స్థాయి ఇంకా లోతున ఉంటుంది. కాబట్టి సల్ఫైడ్ తీసేసి ఆక్సైడ్ పెట్టాలి. ఫెరైట్లతో అన్నేళ్లు గడిపిన మనిషికి ఇది తట్టడంలో వింతేముంది!

కొయిచి మిజుషిమా, ఫిలిప్ జోన్స్, ఫిలిప్ వైజ్‌మన్‌లతో కలిసి 1980లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను ప్రకటించారు. కోబాల్ట్–ఆక్సిజన్ పొరల నడుమ లిథియం ఒక వరుసగా పరుచుకుని ఉంటుంది. ఛార్జి చేస్తే లిథియం అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) బయటికి వస్తాయి, వాడుతుంటే మళ్లీ వచ్చి చేరతాయి. సుమారు సగం లిథియం లాగేసినా పొరలు నిలబడ్డాయి. వోల్టేజి నాలుగు! ఇంకో మేలు, లిథియం కాథోడ్‌లోనే ఉంది గనుక ఆనోడ్‌గా లిథియం లోహం పెట్టక్కర్లేదు. 1985లో జపాన్‌లో అకిరా యోషినో ఆనోడ్‌గా పెట్రోలియం కోక్ అనే కార్బన్ పదార్థం పెట్టి సురక్షితమైన బ్యాటరీ చేశారు. 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

పేటెంట్ కథ వింటే ఉసూరుమనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఆసక్తి చూపలేదు. చివరికి హార్వెల్‌లోని బ్రిటిష్ అణుపరిశోధనా సంస్థకు ఆయన హక్కులు రాసిచ్చేశారు. వందల కోట్ల ఫోన్లలోకి చేరిన ఆ పదార్థంతో ఆయన జేబులోకి వచ్చింది సున్నా.

కోబాల్ట్ ఖరీదైనది. పైగా లిథియాన్ని మరీ ఎక్కువ లాగితే ఆక్సైడ్ ఆక్సిజన్‌ను వదులుతుంది, నిప్పుకు అంతకంటే ఏం కావాలి? చవకైన ఇనుము వాడదామంటే ఇనుప ఆక్సైడ్‌లో వోల్టేజి తక్కువ. 1986లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి మారాక, తమిళనాడు నుంచి వచ్చిన అరుముగం మంథిరమ్‌తో కలిసి దీనికో కిటుకు పట్టారు. ఒట్టి ఆక్సిజన్ స్థానంలో గంధకం, ఆక్సిజన్ కలిసిన సల్ఫేట్ పెడితే, గంధకం ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు గట్టిగా లాక్కుంటుంది. ఇనుముతో బంధం సడలి వోల్టేజి పెరుగుతుంది. ఆ దారిలోనే, గంధకం బదులు భాస్వరంతో, అక్షయ పాఢీతో కలిసి 1997లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను ప్రకటించారు. ఇది దాదాపు 3.4 వోల్టులిస్తుంది, వేడెక్కినా ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు. ఇవాళ ఎన్నో ఎలక్ట్రిక్ బస్సులు, కార్లు దీంతోనే నడుస్తున్నాయి. నా లెక్కలో ఆయన పనుల్లో దీనిదే అగ్రస్థానం, కోబాల్ట్‌కు దక్కిన పేరు దీనికి దక్కలేదు గానీ.

94 ఏళ్ల వయసులో, 2017 ప్రాంతంలో, మారియా హెలెనా బ్రాగాతో కలిసి గాజు ఎలక్ట్రోలైట్ (రెండు ధ్రువాల మధ్య అయాన్లను మోసే పదార్థం) ఉన్న బ్యాటరీ గురించి రాశారు. రెండు ధ్రువాల దగ్గరా లిథియమే అయితే శక్తి ఎక్కడినుంచి వస్తుందని తోటి శాస్త్రవేత్తలు నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ వాదన నడుస్తుండగానే నోబెల్ వచ్చింది. విటింగ్‌హామ్, యోషినో ఆయనతో పంచుకున్నారు. స్టాక్‌హోమ్‌లో ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది మంథిరమే. 2023 జూన్‌లో ఆస్టిన్‌లో, నూటొకటో పుట్టినరోజుకు నెల ముందు, గుడ్‌ఎనఫ్ కన్నుమూశారు.