స్ట్రాడివరీ అచ్చులు, బొలోన్యా చేతులు

అన్సాల్డో పోజ్జి (1893–1984) వయొలిన్లు చూసినవాళ్లు ముందుగా మెచ్చుకునేది పనిలోని శుభ్రతని. అంచులో, మెడ చివరి చుట్టలో (స్క్రోల్‌లో), ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో ఎక్కడా చేయి తడబడిన జాడ ఉండదు. ఇటలీలోని బొలోన్యాకి చెందిన ఈ పనివాణ్ని, వయొలిన్లకి పేరుమోసిన ఇటలీ ఊరు క్రెమోనా సంప్రదాయానికి వారసుడంటారు. నిజమే, కానీ ఆ సంప్రదాయం మధ్యలో తెగింది. దాన్ని మళ్లీ అతికించారు.

1737లో క్రెమోనా వయొలిన్ తయారీదారుల్లో అందరికన్నా పేరున్న ఆంటోనియో స్ట్రాడివరీ పోయాడు. మరో పదేళ్లలో అక్కడి మరో ఇద్దరు గొప్ప తయారీదారులు గ్వార్నేరీ దెల్ జెసూ, కార్లో బెర్గొంజీ కూడా పోయారు. 1770లలో స్ట్రాడివరీ కుటుంబం ఆయన అచ్చుల్ని, పనిముట్లని వయొలిన్లు సేకరించే కౌంట్ కోజియోకి అమ్మేసింది. 19వ శతాబ్దంలో పేరంతా పారిస్‌దే.

పారిస్ పనికీ క్రెమోనా పనికీ తేడా అచ్చులోనే ఉంది. ఫ్రెంచ్ వర్క్‌షాపుల్లో ఎక్కువగా బయటి అచ్చు వాడేవారు. వయొలిన్ పక్క గోడలయ్యే సన్నటి చెక్కపట్టీల్ని దాని లోపలికి నొక్కితే ప్రతిసారీ ఒకే గీత వస్తుంది. స్ట్రాడివరీది లోపలి అచ్చు. ఒక చెక్క పలకకి పైనా కిందా, నాలుగు మూలల్లో ఆరు దిమ్మలు తేలిగ్గా అతికిస్తారు. మిల్లీమీటరు మందం మేపుల్ పట్టీల్ని వేడి ఇనుము మీద వంచి ఆ దిమ్మలకి అంటిస్తారు. తర్వాత అచ్చు ఊడదీస్తారు. బయటి వైపు ఆసరా ఉండదు కాబట్టి మూలల సాగు, అంచు గీత పనివాడి కంటి మీదే ఆధారపడతాయి. అందుకే ఒకే అచ్చులో పుట్టినా రెండు వయొలిన్లు అచ్చు గుద్దినట్టు ఉండవు.

కోజియో కొన్న ఆ సామగ్రిని 1920లో వయొలిన్ తయారీదారు జుసెప్పె ఫియోరినీ లక్ష లీరాలు (అప్పటి ఇటలీ డబ్బు) పెట్టి కొన్నాడు. అతనూ బొలోన్యా ప్రాంతం వాడే. ఇటలీలో వయొలిన్ తయారీ బడి పెట్టించాలని అతని పట్టుదల. 1930లో అంతా క్రెమోనా నగరానికి ఇచ్చేశాడు. 1934లో కన్నుమూశాడు. బడి తెరిచింది 1938లో, ఆయన చూడలేదు.

పోజ్జి ఈ ఫియోరినీ శిష్యుడే. గురువు పద్ధతినే పట్టుకున్నా స్ట్రాడివరీ నకళ్ల దగ్గరే ఆగిపోలేదు, సొంత మోడల్ కూడా గీసుకున్నాడు. ఆ శుభ్రత ఒక్కోసారి మరీ ఎక్కువనిపిస్తుంది నాకు. ఇటలీలోనే మాంటువా ఊళ్లో వయొలిన్లు చేసిన స్టెఫానో స్కరంపెల్లా (1843–1925) పని మొరటు, కొలతలు అటూఇటూ. అయినా ఆ నాదానికి వాయిద్యకారులు పడిచస్తారు. పాత గురువుల తర్వాతి కాలపు ఇటలీ వయొలిన్ శైలి (మోడర్న్ ఇటాలియన్) అంటే పోజ్జి ఒక్కడే కాదు.

క్రెమోనా బడి నిలదొక్కుకోవడానికీ బయటివాళ్లే సాయపడ్డారు. హంగరీ నుంచి పీటర్ టాటర్ వచ్చి పాఠాలు చెప్పాడు. ఫియోరినీ మరో శిష్యుడు సిమోనె సక్కోనీ న్యూయార్క్ నుంచి వచ్చిపోతూ లోపలి అచ్చు పద్ధతిని క్రెమోనా తయారీదారు ఫ్రాంచెస్కో బిస్సొలొట్టి లాంటివాళ్లకి అందించాడు. 2012లో యునెస్కో గుర్తించిన క్రెమోనా వయొలిన్ పనితనం వెనక ఇంతమంది పరాయి ఊళ్లవాళ్లున్నారు.