టవర్ స్పీకర్ కొనేముందు వాటర్ క్యాన్ వాయించి చూడండి

చిత్తూరు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, హాల్లోకి టవర్ స్పీకర్లు తీసుకుందామనుకుంటా ఉండా. జత 40 వేలలోపు. ఏ కంపెనీవి తీసుకునేది చెప్పు" అన్నాడు. ముందు మీ హాలు కొలతలు చెప్పు అన్నాను. "స్పీకర్లు అడిగితే హాలు కొలతలెందుకు, నువ్వేమన్నా మేస్త్రీవా" అని నవ్వాడు. సరిగ్గా అప్పుడే వాటర్ క్యాన్ వేసే అబ్బాయి గేటు దగ్గర హారన్ కొట్టాడు. ఖాళీ 20 లీటర్ల క్యాన్ తీసుకొచ్చి గుమ్మంలో పెట్టి, దాని మూతి మీద అరచేత్తో ఒక్కటి చరిచాను. బొం... అని లోతుగా మోగింది. "ఏంది బావా ఆ సద్దు?" అన్నాడు. నువ్వు 40 వేలు పెట్టి కొనబోయేది ఇదేరా అన్నాను.

వాడు నమ్మలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను. తిరుపతిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడిని, ఎవరైనా నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు.

స్పీకర్‌లో అయస్కాంతం, తీగచుట్ట, కోను ఎలా పనిచేస్తాయో చెప్పను. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు తయారుచేసిన నమూనాయే ఇప్పటికీ నడుస్తోంది, మిగతాది పాఠ్యపుస్తకంలో ఉంది. నాకు ముచ్చటేసేది టవర్ స్పీకర్ (నేల మీద నిలబెట్టే పొడుగాటి రకం) పెట్టెకి ఉండే ఆ గుండ్రటి కన్నం. కొన్నిటికి ముందు, ఎక్కువ వాటికి వెనక ఉంటుంది. చాలామంది అది గాలి ఆడటానికి అనుకుంటారు, ఒక షాపులో అయితే సేల్స్ అబ్బాయి నాతోనే "వేడి బయటికి పోవడానికి సార్" అన్నాడు. అది వేడి కోసం కాదు. ఆ కన్నం, దాని లోపలున్న గొట్టం, పెట్టెలోని గాలి కలిసి ఒక వాయిద్యం.

క్యాన్ దగ్గరికే వద్దాం. మెడలో ఉన్న కాస్త గాలిని ఒక బిరడాలా ఊహించుకోండి. దాని కింద కడుపులో 20 లీటర్ల గాలి స్ప్రింగులా కూర్చుని ఉంది. అరచేత్తో చరిస్తే బిరడా లోపలికి దిగుతుంది, స్ప్రింగు నొక్కుకుని దాన్ని పైకి తోస్తుంది, అది ఊపులో కాస్త ఎక్కువే పైకి వెళ్లిపోతుంది, మళ్లీ లోపలికి వస్తుంది. ఇలా సెకనుకి 50, 60 సార్లు. ఆ 'బొం' అదే. దీనికి లెక్క కట్టినవాడు 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్. ఆయన వేర్వేరు సైజుల బోలు గోళాలు చేయించి, ఒక్కోదాన్ని చెవిలో ఆనించుకుని, వినిపించే శబ్దంలో ఏ స్వరం దాగి ఉందో ఏరేవాడు. లెక్క ఏమంటుందంటే, మూతి వెడల్పయ్యేకొద్దీ శ్రుతి పెరుగుతుంది, మెడ పొడవయ్యేకొద్దీ తగ్గుతుంది, కడుపు పెద్దదయ్యేకొద్దీ తగ్గుతుంది, అయితే అన్నీ వర్గమూలం లెక్కన.

ఆ వర్గమూలంలోనే అందమంతా ఉంది. 20 లీటర్ల క్యాన్‌లో 15 లీటర్ల నీళ్లు పోశామనుకోండి. మిగిలిన గాలి 5 లీటర్లు, అంటే నాలుగో వంతు. శ్రుతి సరిగ్గా రెట్టింపు, పై షడ్జమం! సగం నింపితే? రెండు వర్గమూలం, 1.41 రెట్లు, అంటే ప్రతి మధ్యమం దగ్గరికి వస్తుంది. పంచమం కావాలంటే 11 లీటర్ల చిల్లర పోయాలి. మా మనవరాలితో కొలతగ్లాసు పెట్టి చేయించాను, మధ్యలో మా ఆవిడ వచ్చి తాగే నీళ్లతో ఏం ఆటలని కేకలేసింది కాబట్టి పంచమం దాకానే వెళ్లగలిగాం. జలతరంగంలో తిరకాసు చూడండి, అక్కడ నీళ్లు పోసేకొద్దీ స్వరం తగ్గుతుంది. ఎందుకంటే అక్కడ మోగేది గాలి కాదు, గిన్నె గోడ. నీళ్లు దానికి బరువవుతాయి. ఒకే నీళ్లు, రెండు వ్యతిరేక ఫలితాలు, పరీక్షలో ఈ ప్రశ్న ఎవరూ ఎందుకివ్వరో నాకు అర్థం కాదు.

ఘటం వాయించేవాళ్లని గమనించారా? కుండ మూతిని పొట్టకి ఆనించి, ఒక్కోసారి నొక్కి, ఒక్కోసారి వదులుతూ వాయిస్తారు. మూతి మూసుకున్నకొద్దీ తెరిపి తగ్గి గుమ్మని మంద్రంగా పలుకుతుంది, వదిలితే పైకి లేస్తుంది. సూత్రం రాయకుండానే సూత్రాన్ని పొట్టతో వాయిస్తున్నారన్నమాట.

ఇప్పుడు టవర్ స్పీకర్. ఊఫర్ (బాస్, అంటే లోతైన శబ్దాలు పలికే పెద్ద కోను) ముందుకొస్తే ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పల్చబడుతుంది. పెట్టె లేకపోతే ఈ రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, బాస్ మిగలదు. కన్నం లేని మూసిన పెట్టెలో వెనక శబ్దం లోపలే బందీ అయిపోతుంది, సగం శ్రమ వృథా. కన్నం పెట్టి, గొట్టం పొడవు సరిచేస్తే ఆ వెనక శబ్దమే తిరగబడి ముందుదానికి సాయంగా బయటికొస్తుంది. ఈ ఆలోచనకి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన థురాస్ 1930లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1932లో వచ్చింది. కానీ గొట్టం ఎంత, పెట్టె ఎంత అన్నది చాలాకాలం ఎక్కువగా కోసి చూసుకునే పనే. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ కలిసి దాన్ని పక్కా లెక్కల్లో పెట్టారు.

కొంచెం ఓపిక పట్టండి, అంకెలు వస్తున్నాయి. 40 లీటర్ల పెట్టె, అంటే రెండు వాటర్ క్యాన్లు. 7.5 సెంటీమీటర్ల వ్యాసం, 12 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టం. గొట్టం చివర్ల బయట కూడా కాస్త గాలి దాంతోపాటే ఊగుతుంది కాబట్టి పొడవుని 17.5గా తీసుకోవాలి. (ఇంటర్ ల్యాబ్‌లో రెజొనెన్స్ కాలమ్ ప్రయోగంలో 0.3 డి (డి అంటే గొట్టం వ్యాసం) అని ఒక సవరణ కలుపుతారు గుర్తుందా? రికార్డు పుస్తకంలో సీనియర్ది చూసి ఎక్కించేసిన ఆ ముక్క ఇదే.) లెక్క వేస్తే 43 హెర్ట్జ్, అంటే సెకనుకి 43 ఊపులు వస్తుంది. బాస్ గిటార్ అట్టడుగు తీగ 41. కాబట్టి పర్వాలేదు, మంచి పెట్టే.

ఈ గొట్టంలో ఊగే గాలి బరువెంతో తెలుసా? ఒక గ్రాము కూడా ఉండదు! అంత గాలి ఏం చేస్తుందని తీసిపారేయకండి. ఆరున్నర అంగుళాల ఊఫర్ వైశాల్యం గొట్టం కన్నానికి మూడు రెట్లు. ఆ మూడుని వర్గం చేసి గుణించాలి. కోను వైపు నుంచి చూస్తే ఆ గ్రాము లోపు గాలి 8, 9 గ్రాముల బరువులా తగులుతుంది, అంటే కదిలే కోను సొంత బరువుకి దగ్గర్లోకి వచ్చేస్తుంది. 43 దగ్గర కోను దాదాపు నిలబడిపోతుంది, గొట్టంలో గాలి మాత్రం విపరీతంగా ఊగుతుంది. ఉయ్యాల ఊపేవాడి చెయ్యి జానెడే కదులుతుంది, ఉయ్యాల ఇంటికప్పు దాకా పోతుంది చూడండి, అచ్చం అలాగే. ఇంట్లోనే చూడొచ్చు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, సౌండు తక్కువలో పెట్టి, 80 నుంచి మెల్లగా దిగుతూ రండి. కోను వణుకు ఎక్కడ ఆగినట్టుంటుందో అదే మీ స్పీకర్ శ్రుతి.

అంతకంటే కిందికి దిగితే? ఇక కుండ కుండ కాదు, చిల్లు పడిన డబ్బా. స్ప్రింగు పట్టు పోతుంది, వెనక శబ్దం నేరుగా బయటికొచ్చి ముందుదాన్ని చెరిపేస్తుంది, కోను ఊరికే తపతపలాడుతుంది. మూసిన పెట్టెలో బాస్ ఒక్కో సంగీత స్థాయి (షడ్జమం నుంచి కింది షడ్జమం) దిగేకొద్దీ 12 డెసిబెల్స్ (శబ్దం బిగ్గర కొలత) చొప్పున దిగితే, కన్నం పెట్టెలో 24 చొప్పున పడిపోతుంది. జాతరలో వాడే డీజే బాక్సుల పాటలు చిన్న స్పీకర్లో గట్టిగా పెట్టి ఊఫర్లు చింపుకునేది ఇక్కడే.

మరి బల్ల మీద పెట్టుకునే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ చాలదా, టవరే ఎందుకు? 10 లీటర్ల పెట్టెలో కూడా 43 హెర్ట్జ్ తెప్పించొచ్చు. పెట్టె నాలుగో వంతు అయింది కాబట్టి కన్నం వైశాల్యం కూడా నాలుగో వంతు చేస్తే సరి, లెక్క ఒకటే. కానీ అంతే శబ్దం కావాలంటే అంతే గాలి నాలుగో వంతు దారిలోంచి నాలుగు రెట్ల వేగంతో దూరాలి. అప్పుడు బాస్‌తో పాటు కుక్కర్ ఆవిరిలా ఫుస్‌ఫుస్ వినిపిస్తుంది. హాఫ్‌మన్ అనే ఆయన పేరు మీద ఒక నియమం ఉంది: చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం, ఈ మూడింట్లో ఏవైనా రెండే దొరుకుతాయి. మూడూ ఇస్తామని అట్టపెట్టె మీద రాసి ఉంటే ఆ అట్టపెట్టెని నమ్మకండి. పైగా ఊఫర్ ఒక స్థాయి కిందికి అదే బిగ్గరతో పలకాలంటే నాలుగు రెట్లు దూరం ఊగాలి, అందుకే టవర్‌లో రెండేసి ఊఫర్లు పెడతారు.

ఇంతా చెప్పి, వాడి హాలు కొలతలు ఎందుకడిగానో చెప్పలేదు. హాలు కూడా మోగుతుంది. ఇది కుండ పద్ధతి కాదు, ఎదురెదురు గోడల మధ్య అల ఇరుక్కుని నిలబడిపోవడం. ఉదాహరణకి ఒక చిన్న హాలు తీసుకుంటే, 12 అడుగుల పొడవుకి 47 హెర్ట్జ్, 10 అడుగుల వెడల్పుకి 56, కప్పు కూడా పది అడుగులుంటే మళ్లీ 56. మన గోడలు ఇటుక, సిమెంటు. నేల టైల్స్. చెక్క చట్రానికి జిప్సం బోర్డు కొట్టిన విదేశీ ఇళ్లలో బాస్ కొంత గోడల్లోంచి జారిపోతుంది, మన దగ్గర ఎక్కడికీ పోదు. ఆ ఇళ్లలో విని "బాస్ పల్చగా ఉంది" అని రాసిన సమీక్ష చదివి మనం ఇంకా పెద్దది కొంటే, 43 పెట్టె, 47 హాలు చేతులు కలిపి ఒకే స్వరం మీద కూర్చుంటాయి. తవిలు, మృదంగం, డ్రమ్ము, లారీ అన్నీ ఒకటే మోత.

మూలలో పెడితే ఇంకా దారుణం, ఎందుకంటే హాలు మోతలన్నీ మూలల్లోనే బలంగా ఉంటాయి. వాస్తు ప్రకారం నైరుతిలో బరువుండాలట. మా ఇంట్లో మొదటి టవర్లలో ఒకదాన్ని పెద్దవాళ్ల మాట కాదనలేక నైరుతి మూలకి నెట్టాను. నాదస్వర కచేరీ పెడితే తవిలు దెబ్బకి కిటికీ గ్రిల్లు జేగంటలా మోగేది. చివరికి ఆ మూలలో బియ్యం డ్రమ్ము పెట్టి, స్పీకర్‌ని గోడకి రెండడుగులు ఇవతలికి లాగాను. వాస్తుకీ తృప్తి, చెవికీ తృప్తి. మరోసారి ఎడమ స్పీకర్లోంచి టక్‌టక్ శబ్దం. కన్నంలో బల్లి కాపురం పెట్టింది. బల్లి పలికితే శుభమా అశుభమా అని పంచాంగం చూసేవాళ్లున్నారు, స్టీరియోలో పలికితే ఏ ఫలమో అందులో లేదు.

మిగతావి తొందరగా. పి.ఎం.పి.ఓ. వాట్లు (అమ్మకం కోసం ఉబ్బించి రాసే అంకె) అని కనిపిస్తే ఆ కాగితం మడిచి పక్కన పెట్టండి. "35 హెర్ట్జ్ నుంచి" అని రాస్తే పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ (శబ్దం అంతకు మించి అటూ ఇటూ పోదని) అని ఉందా చూడండి, లేకపోతే ఆ 35కి అర్థం లేదు. సెన్సిటివిటీ (ఒక వాట్‌కి ఎంత శబ్దమిస్తుందో చెప్పే డెసిబెల్ అంకె) 88కి బదులు 91 ఉంటే ఆంప్లిఫైయర్ వాట్లు సగం చాలు, కానీ 4 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టుల లెక్కన ఇచ్చి ఉంటే అందులో 3 డెసిబెల్స్ ఉత్తుత్తివే, ఎందుకంటే అక్కడ ఒక వాట్ కాదు, రెండు వాట్లు పోతున్నాయి. బంగారు పూత కేబుళ్లకి దండం పెట్టి రండి.

పెట్టెని మాత్రం వేలి గణుపుతో తట్టి చూడండి. సంతలో కుండ కొనేటప్పుడు ఖంగుమంటే కొంటాం, డబ్బుమంటే వదిలేస్తాం కదా. ఇక్కడ తిరగేయాలి. గోడ మోగకూడదు, లోపలి గాలి ఒక్కటే మోగాలి. చౌక టవర్లలో తేడా తెలిసేది ఇక్కడే. పొడుగాటి పక్క పలకకి లోపల అడ్డుపట్టీలు లేకపోతే అదే తప్పెటైపోతుంది. ఒకే ధరలో టవర్‌కి డబ్బు చెక్కకి, రవాణాకి పోతుంది, బుక్‌షెల్ఫ్‌కి ఊఫర్‌కి, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్‌కి పోతుంది. అందుకే 10x12 గదికి టవర్ వద్దనే అంటాను. ఇంకో ఇంటి సంగతి: ఈ పెట్టెలు ఎక్కువగా ఎం.డి.ఎఫ్. చెక్క (చెక్క పీచు నొక్కి చేసిన పలక), నేల తుడిచే నీళ్లు తగిలితే అడుగు అట్టలా ఉబ్బుతుంది. కింద రాతిపలక వేయండి.

బావమరిది హాలు 12x18, డైనింగ్ వైపు తెరిచి ఉంది. సరే, టవర్లే తీసుకో అన్నాను. నచ్చిన పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని చెన్నై రిచీ స్ట్రీట్ వెళ్లి, రెండు మూడు జతలు విని, అన్నిటినీ తట్టి (షాపువాడు విసుక్కున్నాడట), ఒక జత తెచ్చుకున్నాడు. రాత్రి పదిన్నరకి ఫోన్.

"బావా, బాగుండాయి కానీ బాస్ రోంత ఎక్కువగా ఉంది."

"కన్నంలో సాక్సు కుక్కు. మూసిన పెట్టె అయిపోతుంది, మోత తగ్గుతుంది."

"రెండిట్లోనా?"

"గోడకి దగ్గరున్న దాంట్లో ముందు."

వెనకనుంచి మా చెల్లెమ్మ గొంతు వినిపించింది: "ఉతికిండేది పెట్టమనండన్నా!"