బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచ్ అపోహలు: టేపు ముందు మీ కాలికి పెట్టండి

"సార్, ఇది తీసుకోవచ్చా? మడిస్తే తలుపు వెనక పట్టేస్తుంది."

నెలకి నాలుగైదు సార్లు ఇలాంటి మెసేజ్ వస్తుంది, కింద ఒక బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచ్ ఫొటో. తొడలు ప్యాడ్‌కి ఆనించి, మడమల వెనక రోలర్‌కి కాళ్లు బిగించి, మొండెం కిందికి వంచి లేపే సామాను అది. నేను తిరిగి అడిగేది ఒకటే: "మీ చీలమండ నుంచి గజ్జ దాకా ఎంత పొడవుందండీ?" కాసేపు చడీచప్పుడూ ఉండదు. తర్వాత "అదెందుకు సార్?" అని వస్తుంది. గది కొలుస్తారు, తలుపు కొలుస్తారు, మంచం కింద సందు కూడా కొలుస్తారు. ఆ బెంచ్ ఎక్కబోయే మనిషిని మాత్రం ఎవరూ కొలవరు.

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి నడుం నొప్పితో వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లలో కొందరు ఈ బెంచ్ కొనాలా వద్దా అని అడుగుతారు. మిగతావాళ్లు కొనేసి, నాలుగు రోజులు చేసి, నడుం పట్టేశాక వస్తారు. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇలా రాస్తున్నాను.

అపోహ: చిన్న బెంచ్ ఎవరికైనా సరిపోతుంది, ఇంట్లో పడితే చాలు

మిగతావి గబగబా చెప్పేస్తాను గానీ, దీని దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. ఎందుకంటే డబ్బూ నడుమూ రెండూ పోయేది ఇక్కడే.

నిలబడి ఒక మోకాలు పైకెత్తండి. తొడకీ పొట్టకీ మధ్య ఒక మడత పడుతుంది కదా, అది మీ గజ్జ. బెంచ్ ఎక్కినప్పుడు ప్యాడ్ పై అంచు ఆ మడతకి రెండు మూడు వేళ్లు కిందనే ఉండాలి. అలా ఉంటే ముందు వైపు పొడుచుకొచ్చే తుంటి ఎముకలు ప్యాడ్ మీద ఆనవు. ఒళ్లు తుంటి దగ్గర, తలుపు మడతబందు మీద తిరిగినట్టు, హాయిగా వంగుతుంది. నడుం ఎలా ఉందో అలాగే ఉంటుంది. గ్లూట్స్ (పిరుదుల కండరాలు), హామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండరాలు) బరువు లాగుతాయి, వెన్ను పక్కనున్న కండరాలు కదలకుండా కాపు కాస్తాయి.

ఇప్పుడు అదే ప్యాడ్ పొట్ట మీదికి వచ్చిందనుకోండి. తుంటికి తాళం పడింది. కిందికి దిగాలంటే వంగగలిగింది ఇక వెన్ను ఒక్కటే, కాబట్టి ప్రతి రెప్‌కీ, అంటే దిగి లేచిన ప్రతిసారీ, అదే గుండ్రంగా వంగి లేస్తుంది. వెన్ను వంగడమే తప్పు అని నేను అనను. అలవాటున్నవాళ్లు, తెలిసి, తక్కువ బరువుతో, కావాలనే అలా చేస్తారు. కానీ రోజంతా కుర్చీలో కూర్చుని, అప్పటికే నడుం బిగుసుకుపోయి, మొదటి రోజే మూడు సెట్లు కొట్టే మనిషి సంగతి వేరు. తల, చేతులు, మొండెం కలిపితే మన ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. 72 కిలోల మనిషికి అది 48 కిలోల దాకా ఉంటుంది. చేతిలో డంబెల్ లేకపోయినా బరువు ఎత్తుతున్నట్టే.

చిన్న మోడళ్లతో చిక్కేమిటంటే, చాలావాటిలో ప్యాడ్ ఎత్తు మార్చుకోడానికి మూడు నాలుగు రంధ్రాలే ఉంటాయి. కొన్నింటిలో అవీ ఉండవు, ప్యాడ్ ఒకే చోట బిగించి ఉంటుంది. నిలువు గొట్టాన్ని పొట్టిగా చేసి, దాని మధ్యలో మడత కీలు పెడితే సర్దుబాటుకి చోటెక్కడ మిగులుతుంది?

ఒక టీచరమ్మ వచ్చారు, మనిషి పొట్టి. "నాకీ మిషన్లు పడవండీ, డిస్క్ అరిగిపోయిందేమో" అన్నారు, కళ్లల్లో నీళ్లు ఒక్కటే తక్కువ. బెంచ్ మీద చేస్తున్న వీడియో తెప్పించుకుని చూశాను. ప్యాడ్ అన్నిటికంటే కింది రంధ్రంలోనే ఉంది, అయినా సరిగ్గా ఆవిడ పక్కటెముకల కింద గుచ్చుకుంటోంది. పాదాల కింద చెక్క పెట్టి చూశారట. ఒళ్లు పైకి జరిగింది గానీ రోలర్ మడమ మీంచి జారిపోయింది. (ఎవరూ ఈ చెక్క ప్రయోగం చేయకండి, జారితే ముందుకు మొహం మీద పడతారు.) ఆవిడ నడుంలో ఏ దోషమూ లేదు. అదే బెంచ్ ఆవిడ మరిదికి కుట్టించినట్టు సరిపోయింది, ఇప్పుడు ఆయనే వాడుతున్నాడు. కానీ ఆవిడ రెండు నెలలు తన వెన్ను పాడైపోయిందన్న భయంతో బతికారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

పొడుగువాళ్లకి ఇదే తిరగబడుతుంది. ప్యాడ్ తొడ మధ్యలో ఆగుతుంది, అంచు కోసుకుంటుంది, మోకాళ్ల మీద ఒత్తిడి పడుతుంది, ఒళ్లంతా ముందుకు వేలాడినట్టుంటుంది.

కాబట్టి కొలత ఇలా తీసుకోండి. బూట్లు వేసుకుని నిలబడి, గజ్జ మడత దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి మడమకి కాస్త పైన రోలర్ ఆనే చోటు వరకు ఇంకొకరి చేత టేపు పట్టించండి. తర్వాత అమ్మేవాళ్లని అడగాల్సింది: "రోలర్ నుంచి ప్యాడ్ పై అంచు వరకు కనీసం ఎంత, గరిష్ఠం ఎంత?" మీ కొలతలోంచి నాలుగైదు సెంటీమీటర్లు తీసేస్తే వచ్చే అంకె ఆ రెండింటి మధ్యలో హాయిగా పడాలి. ఆఖరి రంధ్రంలో సరిపోతుందంటే నేనైతే తీసుకోను. "ఫలానా ఎత్తు నుంచి ఫలానా ఎత్తు మనుషుల దాకా సరిపోతుంది" అని రాసి ఉంటుంది చూడండి, దాన్ని నమ్ముకోకండి. నేనూ మా పెదనాన్న కొడుకూ పక్కపక్కన నిలబడితే తలలు సమానం. బెంచ్ మీద నాది మూడో రంధ్రం, వాడిది ఐదోది. వాడివన్నీ కాళ్లే.

అపోహ: పైకి ఎంత విరిస్తే నడుం అంత గట్టిపడుతుంది

దీనికి కారణం పేరు. ఎవరో దీనికి హైపర్ ఎక్స్‌టెన్షన్ అని పేరు పెట్టారు, జనం దాన్ని అక్షరాలా పాటిస్తున్నారు. చదువుకునే రోజుల్లో నేనూ అంతే. పాము పడగెత్తినట్టు లేచేవాణ్ణి, పక్కనున్నవాళ్లు భేష్ అనేవాళ్లు. ఆ భేష్‌కి మూడు వారాలు నడుం పట్టుకుని తిరిగాను.

చెవి, భుజం, తుంటి, చీలమండ ఒకే గీతలోకి వచ్చాయంటే అక్కడితో ఆగిపోవాలి. కాళ్లు ఏటవాలుగా ఉండే 45 డిగ్రీల బెంచ్ మీద బరువు అన్నిటికంటే ఎక్కువ తెలిసేది మొండెం నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు. గీతలోకి వచ్చేసరికి అది దాదాపు 70 శాతానికి తగ్గిపోతుంది. అక్కడి నుంచి ఇంకా విరిస్తే కండరం మీద భారం ఇంకా తగ్గుతుందే తప్ప పెరగదు. నలిగేది వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీళ్లు. అంటే కష్టం ఉంది, లాభం లేదు.

మొండెం అడ్డంగా ఉంచి చేసే బెంచ్ మీద లెక్క వేరు. అక్కడ గీతలోకి వచ్చిన చోటే అన్నిటికంటే బరువు. అందుకే అది గొప్పదీ ఇది చిన్నపిల్లలదీ అని వాదించుకుంటారు, ఆ వాదన అనవసరం. ఇంటికి 45 డిగ్రీలది చాలు. ఎక్కడం దిగడం సులువు, చోటు తక్కువ తీసుకుంటుంది. జీహెచ్‌డీ (గ్లూట్ హామ్ డెవలపర్) అని పెద్దది ఒకటుంటుంది, అది మోకాలు వంచి చేసే వ్యాయామం కోసం పుట్టిన వేరే సరుకు. దాని చిన్న రూపమే ఇది అనుకుని కొనకండి.

అపోహ: రిపోర్టులో డిస్క్ బల్జ్ అని ఉంటే ఈ బెంచ్ జన్మలో ముట్టకూడదు

ఇది అడిగేవాళ్ల మీద నాకు విసుగు రాదు. ఎమ్మారై కాగితం చేతిలో పెట్టుకుని, అందులోని ఒక్కొక్క మాటా ఇంటర్నెట్‌లో వెతికి, రాత్రంతా నిద్రపోకుండా వస్తారు. వాళ్లకి నేను చెప్పే మాట ఇది: 2015లో వచ్చిన ఒక సమీక్షలో ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి చూశారు. 20 ఏళ్ల వయసు వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య మెత్త కాస్త బయటికి ఉబ్బడం, ఉంది. 80 ఏళ్లకి అది 84 శాతం. మరి వాళ్లెవరికీ నొప్పి లేదు కదా. ఆ మాట చూసి నడుం పని అయిపోయిందనుకోకండి.

అలాగని అందరూ ఎక్కేయమని కాదు. నొప్పి మోకాలు దాటి కిందికి పాకుతున్నా, పాదం మొద్దుబారినా, బలం తగ్గినా ముందు డాక్టర్‌కి చూపించుకోండి. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా బెంచ్ గురించి ఆలోచించే టైమ్ కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు, వెన్నుపూస ముందుకు జారిందని తేలినవాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు కూడా అడగకుండా ఎక్కొద్దు. ఈ బెంచ్ మీద తల గుండె కంటే కిందికి వెళుతుంది, కళ్లలో ఒత్తిడి పెరుగుతుంది.

మిగతావాళ్లకి నేను మొదట రెప్స్ చెప్పను. గీతలోకి వచ్చి కదలకుండా ఆగమంటాను, పది సెకన్లు చాలు. 1984లో బీరింగ్ సోరెన్‌సన్ అనే డెన్మార్క్ పరిశోధకుడి పేపర్ ఒకటి వచ్చింది. మొండెం గాల్లో అడ్డంగా ఉంచి ఎంతసేపు నిలపగలరో కొలిచే పరీక్ష అది, 240 సెకన్లు దాటితే ఆపేస్తారు. ఎక్కువసేపు నిలపగలిగిన మగవాళ్లలో ఆ తర్వాతి ఏడాది కొత్తగా నడుం నొప్పి రావడం తక్కువగా కనిపించింది. నడుముకి ఓపిక కావాలి, బలం దాని వెనక వస్తుంది. మర్నాడు నడుం పక్కల సలిపితే కంగారు పడకండి, అది కొత్త పని చేసిన కండరం. ఒకే చోట సూదిలా గుచ్చితే మాత్రం ఆపండి.

అపోహ: ఎక్కువ కిలోలు మోస్తుందని రాసి ఉంటే గట్టి బెంచ్

ఆ అంకె ఫ్రేమ్ విరగదని చెబుతుంది, ఊగదని చెప్పదు. పైగా అందులో మీ బరువూ, చేతిలో పట్టుకునేదీ రెండూ కలిసే ఉంటాయి. నేను చూసేది వేరు. ప్యాడ్‌ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపుతాను. పిన్ దగ్గర టకటక చప్పుడు వస్తే, మడత కీలు దగ్గర ఆట ఉంటే వదిలేస్తాను. తర్వాత పక్కకి వెళ్లి నిలబడి, నేల మీదున్న ముందు కాలు ప్యాడ్ కంటే ఎంత ముందుకు వచ్చిందో చూస్తాను. మనం కిందికి వంగినప్పుడు బరువంతా ప్యాడ్‌కి ముందుకు జరుగుతుంది. చోటు కలిసొస్తుందని ఆ ముందు కాలుని పొట్టిగా చేస్తే బెంచ్ వెనక వైపు లేస్తుంది. చిన్నది కావాలంటే మడత పెట్టేది తీసుకోండి, అడుగు భాగం కురచగా ఉన్నది మాత్రం వద్దు.

ఇంకో మాట, మడిచినప్పటి కొలతలే పెద్ద అక్షరాల్లో వేస్తారు. వాడేటప్పుడు ముందు మీ మొండెం తిరగాలి, వెనక నుంచి ఎక్కడానికి ఒక అడుగు చోటు కావాలి. నేల మీద చాక్‌పీస్‌తో గీసి, వంగి చూసుకోండి.

ప్యాడ్ మెత్తగా ఉంటే మంచిదా? కాదు, దిగబడిపోయి పెట్టుకున్న ఎత్తు మారిపోతుంది. ఒకటే ముక్కా, రెండు ముక్కలా? మధ్యలో సందున్న రెండు ముక్కలది మగవాళ్లకి సుఖం, ఎందుకో చెప్పక్కర్లేదు. రోలర్ సన్నగా ఉంటే చీలమండ వెనక నరం లాగినట్టుంటుంది, లావుగా ఉన్నది చూడండి. మోకాళ్లు బిర్రుగా చాపకుండా కొంచెం సడలించి ఉంచండి. పొట్ట కరుగుతుందా అంటే కరగదు. ఏ ఒక్క చోట వ్యాయామం చేసినా అక్కడి కొవ్వే కరగడం అనేది జరగదు, దాని మీద ఇంతకంటే టైమ్ పెట్టను.

మొదట చెప్పిన తలుపు వెనక బెంచ్ ఆయన సంగతి. మర్నాడు మళ్లీ మెసేజ్ పెట్టారు. గజ్జ నుంచి చీలమండ దాకా 74 సెంటీమీటర్లు వచ్చిందట. అమ్మేవాళ్లని అడిగితే ప్యాడ్ ఎంత దించినా 79 కంటే తగ్గదన్నారట. "అయితే నాకు పొట్ట మీదికి వస్తుంది కదా సార్?" అని ఆయనే అన్నారు. వస్తుంది అన్నాను. ప్రస్తుతానికి ఒక కర్ర వీపుకి ఆనించుకుని, తల, వీపు, పిరుదులు మూడు చోట్లా కర్ర తగిలి ఉండేలా తుంటి దగ్గర వంగడం నేర్చుకుంటున్నారు. తలుపు వెనక ఆ కర్ర ఉంది.