రేంజ్ రాకపోతే తప్పు చిప్‌దేనా? వైర్‌లెస్ చిప్‌లపై అపోహలు - వాస్తవాలు

"సార్, రేంజ్ రావట్లేదు. చిప్ మార్చేద్దామా?" నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. స్మార్ట్ స్విచ్చులు, నీటి మీటర్లు, మోటారు కంట్రోలర్లు చేసే చిన్న కంపెనీల వాళ్లు అడుగుతుంటారు. అప్పటికే బోర్డులు కొట్టించేసి, కస్టమర్‌కి తేదీ చెప్పేసి ఉంటారు. వాళ్ల కంగారు నాకు అర్థమవుతుంది. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: ఖరీదైన చిప్ వేస్తే రేంజ్ దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: సిగ్నల్‌ని పిన్ దాకా తెచ్చి ఇవ్వడమే చిప్ పని. గాల్లోకి పంపేది యాంటెన్నా. యాంటెన్నా చుట్టూ ఎంత మేర కాపర్ ఉండకూడదో డేటాషీట్‌లో (చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) బొమ్మ వేసి మరీ చూపిస్తారు. మనవాళ్లు బోర్డు చిన్నది చేయాలని సరిగ్గా అక్కడే బ్యాటరీ పెడతారు, గ్రౌండ్ కాపర్ నింపుతారు, స్క్రూ బిగిస్తారు. పైన ప్లాస్టిక్ మూత ఆనుకుంటే అది కూడా యాంటెన్నా ట్యూనింగ్‌ని పక్కకి జరుపుతుంది.

లెక్క చూడండి. డీబీఎం అంటే సిగ్నల్ పవర్ కొలత; 0 అంటే 1 మిల్లీవాట్, 10 అంటే 10 మిల్లీవాట్లు. 0 డీబీఎం చిప్ తీసేసి 10 డీబీఎంది వేశారు. యాంటెన్నా ట్యూనింగ్ తప్పి, పెరిగిన ఆ 10 డీబీ (డెసిబెల్) మింగేసిందనుకోండి, మీకు మిగిలింది తొందరగా అయిపోయే బ్యాటరీ ఒక్కటే. పైగా పవర్ పెంచితే లాభం పంపే దిక్కుకే. అవతలి నుంచి వచ్చే జవాబు అదే పాడైన యాంటెన్నా గుండా రావాలి కదా! నష్టం మాత్రం రెండు వైపులా ఉంటుంది. అడ్డంకుల్లేని మైదానంలో కూడా 6 డీబీ పోతే దూరం సగానికి పడిపోతుంది.

అనంతపురం వైపు బోరు మోటార్లకు కంట్రోలర్ చేసిన ఇద్దరు కుర్రాళ్లున్నారు. టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. పొలంలో ట్యాంకు సెన్సర్‌తో లింకే నిలవలేదు. వేరే కంపెనీ చిప్ కిట్లు తెప్పించి, ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) మొత్తం మళ్లీ రాయడం మొదలుపెట్టారు. వెళ్లి చూస్తే కంట్రోలర్ ఇనుప స్టార్టర్ డబ్బాలో ఉంది, యాంటెన్నా కూడా లోపలే. ఆ రైతు, "డబ్బా మూస్తే పోతాది, తీస్తే వస్తాది అని మొదట్నుంచీ చెప్తానే ఉండా గదా నాయనా" అన్నాడు. ఆయన మాటే నిజం. కేబుల్‌తో యాంటెన్నాని డబ్బా బయటికి తెచ్చాం. అదే చిప్, అదే ఫర్మ్‌వేర్, లింకు నిలబడింది. ఆ పెద్దాయన మాట మొదటి వారమే చెవిన పెట్టుంటే ఎంత డబ్బు మిగిలేదో అని నాకిప్పటికీ బాధే.

యాంటెన్నా మార్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మాడ్యూల్‌కి (చిప్‌తో రెడీగా వచ్చే చిన్న బోర్డు) అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి ఉందంటే, ఏ రకం యాంటెన్నాతో పరీక్షించారో దానికే ఉన్నట్టు. ఆ ముద్ర చూసి మన దగ్గర అమ్మేయొచ్చు అనుకోకండి. ఇక్కడ కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ ఇచ్చే ఈటీఏ అనే అనుమతి కావాలి. చవగ్గా దొరికిందని 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు కొనేవాళ్లకూ ఇదే మాట: ఆ దరిదాపుల్లో లైసెన్స్ అక్కర్లేకుండా మనకిచ్చింది 865–868 మెగాహెర్ట్జ్.

మ్యాటర్ అంటే కొత్త రేడియో అనేది ఇంకో అపోహ. కాదు. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేయడానికి థ్రెడ్ (తక్కువ పవర్ వైర్‌లెస్ నెట్‌వర్క్), వైఫై, ఈథర్‌నెట్ మీద నడిచే ప్రమాణం అది. 2022 అక్టోబర్‌లో మొదటి వెర్షన్ వచ్చింది.

"ఇవన్నీ అమెరికా చిప్‌లు, మనకేం తెలుస్తుంది" అనే నిరుత్సాహం కూడా వింటుంటాను. వైర్‌లెస్ చిప్‌లు డిజైన్ చేసే సిలికాన్ ల్యాబ్స్‌నే తీసుకోండి. కేంద్రం టెక్సస్‌లోని ఆస్టిన్. సొంత ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) లేదు, తయారీ ఇతరులకు చిప్‌లు చేసిపెట్టే ఫౌండ్రీలదే. 2020లో రెడ్‌పైన్ సిగ్నల్స్ అనే చిప్ కంపెనీ వైర్‌లెస్ వ్యాపారాన్ని 30.8 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు తక్కువ పవర్ వైఫై పరిజ్ఞానంతో పాటు హైదరాబాద్ డిజైన్ సెంటర్ కూడా వాళ్లకు వచ్చింది. ఆ పని తెలిసినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు, వెళ్లి అడగండి.

చివరగా, చంటిపిల్ల గదిలో స్మార్ట్ బల్బు పెట్టొచ్చా అని అడిగే తల్లులకు. మీ భయం సహజమే. బ్లూటూత్ బల్బు పవర్ మామూలుగా 10 మిల్లీవాట్ల లోపు, అదీ అప్పుడప్పుడు. మీ చేతిలోని 4జీ ఫోన్ 200 మిల్లీవాట్ల దాకా పంపగలదు. రెండూ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే రకం రేడియేషన్ కావు. ఇక బల్బులో చిప్ మాటలు వింటుందని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు దయచేసి ఆపండి. మైకు లేని బల్బుకు మాటలు వినపడవు. ఆ గదిలో బేబీ కెమెరా ఉంటే, దాని పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి.